ఏ మేరీ? ఏ నిఖత్? ఎవరి రూల్స్?

మేరీ కోమ్ తిరుగులేని రోజుల్లో నిఖత్ జరీన్ బాక్సింగ్ రింగులో ఎదురుపడి ఉంటే ఎవరు గెలిచేవారు? కాటారం చౌరస్తాలో చాయ్ హోటల్ ముందు మొదలైనా, నిఖత్ సొంతూరు నిజామాబాద్‌లో మొదలైనా ఈ వాదన ఒకే దారిన నడుస్తుంది. ఒకాయన మేరీ గెలిచిన ఆరు ప్రపంచ స్వర్ణాలు ఏకరువు పెడతాడు. ఇంకొకాయన 2022లో ఇస్తాంబుల్, 2023లో ఢిల్లీ, రెండు ప్రపంచ ఫైనల్స్‌లోనూ నిఖత్ 5-0తో గెలిచిన సంగతి ముందుకు తెస్తాడు. మూడో మనిషి ఇద్దరినీ కసిరి, వాళ్లు నిజంగానే తలపడ్డారు కదా, మేరీ గెలిచింది కదా, ఇంకా పంచాయితీ దేనికి అంటాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. 2019 డిసెంబర్ 28న ఢిల్లీలోని ఇందిరాగాంధీ స్టేడియంలో, 51 కిలోల విభాగంలో ఒలింపిక్ అర్హత పోటీలకు ఎవరిని పంపాలో తేల్చే ట్రయల్స్ జరిగాయి. మేరీ 9-1తో గెలిచింది. వేర్వేరు కాలాల ఛాంపియన్లను ఊహలో బరిలోకి దింపడం బాక్సింగ్ అభిమానులకు ఎక్కడైనా ఉన్న సరదానే. మనకు మాత్రం ఊహించుకోవాల్సిన పోటీ కళ్లముందే జరిగింది. అయినా వాదన తెగలేదు. తెగకపోవడానికి కారణం అభిమానుల మొండితనం మాత్రమే అనుకోను. ఆ రోజు రింగులో ఉన్న మేరీకి 36-37 ఏళ్లు. ఆమె వరసగా స్వర్ణాలు కొట్టిన కాలం 2002-2010. నిఖత్‌కు 23 ఏళ్లు, సీనియర్ ప్రపంచ టైటిల్ ఇంకా రెండున్నరేళ్ల దూరంలో ఉంది. అంటే ఒకరు శిఖరం దిగుతూ, ఇంకొకరు ఎక్కుతూ మధ్యలో ఎదురుపడ్డారు. ఆ మ్యాచ్ ఆ రోజు ఎవరు మెరుగో చెప్పింది, అంతే. మనం అడుగుతున్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబే లేదని తోసేయడం సోమరితనం. జవాబు ఉంది, కానీ అది ఒక పేరు రూపంలో ఉండదు, వందకు ఇన్ని పాళ్లు అనే అవకాశం రూపంలో ఉంటుంది. అది కూడా వయసు, బరువు, నిబంధనలు, అన్నిటికంటే ముఖ్యంగా ఎవరికి ఎదుటివారి గురించి ఎంత తెలుసు అన్నది ముందే ఖాయం చేసుకున్నాకే దొరుకుతుంది.

కొన్ని ఆటలకు ఈ బాధ లేదు. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.78 సెకన్లలో పూర్తిచేసింది. ఆమె రాకముందు ఇరవై ఏళ్లు కదలకుండా ఉన్న జాతీయ రికార్డు అనురాధా బిస్వాల్‌ది, 2002లో 13.38 సెకన్లు. దూరం అదే, పది హర్డిల్స్ అవే, వాటి ఎత్తు అదే 84 సెంటీమీటర్లు. ట్రాకులు, బూట్లు మెరుగయ్యాయని కొంత తీసేసినా 0.60 సెకన్లు ఎక్కడికీ పోవు. వెయిట్‌లిఫ్టింగ్‌లో కొంచెం మెలిక ఉంది. సిక్కోలు బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. మీరాబాయి చాను టోక్యోలో 49 కిలోల విభాగంలో 87, 115 కలిపి 202 కిలోలతో రజతం తెచ్చింది. ఎత్తిన బరువు చూస్తే మల్లీశ్వరిదే పైచేయి. శరీర బరువుతో భాగిస్తే మీరాబాయి తన విభాగం హద్దుకు 4.12 రెట్లు, మల్లీశ్వరి 3.48 రెట్లు ఎత్తారు, అంటే మీరాబాయి 18 శాతం ముందుంది. కానీ ఈ భాగహారం కూడా న్యాయమైంది కాదు. కండరం బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, బరువేమో ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఒంటి బరువు రెట్టింపైనంత మాత్రాన బలం రెట్టింపు కాదు, 1.6 రెట్లకు కాస్త తక్కువే అవుతుంది. చిన్న శరీరానికి ప్రకృతి ఇచ్చిన ఈ వెసులుబాటును లెక్కలోంచి తీసేస్తే 18 శాతం తేడా కరిగి 6 శాతంలోపుకు వస్తుంది. మీరాబాయి ఇంకా ముందే ఉంది, కానీ ఎంత ముందు అన్నది మనం ఎంచుకున్న కొలబద్ద మీద ఆధారపడింది. కిలోగ్రాము లాంటి గట్టి కొలత చేతిలో ఉన్నప్పుడే ఇంత మెలిక ఉంటే, ఏ కొలతా లేని బాక్సింగ్ సంగతి చెప్పేదేముంది?

బాక్సింగ్‌లో కొలత ఎదుటి మనిషే. అందుకని అభిమానులు సహజంగా గొలుసు లెక్కకు దిగుతారు: ఫలానా బాక్సర్‌ను ఈమె ఓడించింది, ఈమెను ఆమె ఓడించింది, కాబట్టి ఆమెదే గొప్ప. ఈ లెక్క ఎంత బలహీనమో చూడటానికి మేరీ, నిఖత్‌ల మధ్యే మూడో మనిషి ఉంది, టర్కీకి చెందిన బుసెనాజ్ చాకిరోగ్లు. 2019 అక్టోబర్‌లో రష్యాలోని ఉలాన్-ఉదెలో జరిగిన ప్రపంచ పోటీల సెమీఫైనల్లో చాకిరోగ్లు 4-1తో మేరీని ఓడించింది. రెండు నెలలకు ట్రయల్స్‌లో మేరీ నిఖత్‌ను ఓడించింది. 2022 ఫిబ్రవరిలో బల్గేరియాలో జరిగే స్ట్రాంజా టోర్నీ సెమీస్‌లో నిఖత్, అప్పటికే టోక్యో ఒలింపిక్ రజతం మెడలో వేసుకున్న చాకిరోగ్లును ఓడించింది. గొలుసు ఎక్కడ మొదలుపెట్టినా తిరిగి మొదటికే వస్తుంది. మధ్యలో రెండేళ్లు గడిచాయి, మనుషులు మారారు, అందుకే ఇలా వచ్చిందని ఒకరు అభ్యంతరం చెప్పవచ్చు. ఆ అభ్యంతరంలో పస ఉంది. అయితే కాలవ్యవధి బాగా తక్కువైనా ఇదే జరుగుతుందని హెవీవెయిట్ చరిత్ర చెబుతుంది. 1973 మార్చిలో కెన్ నార్టన్ మహమ్మద్ అలీ దవడ విరగ్గొట్టి గెలిచాడు. 1974 మార్చిలో జార్జ్ ఫోర్‌మన్ అదే నార్టన్‌ను రెండో రౌండులోనే పడగొట్టాడు. అదే ఏడాది అక్టోబర్ 30న కిన్షాసాలో అలీ ఫోర్‌మన్‌ను ఎనిమిదో రౌండులో నాకౌట్ చేశాడు. ఏడాదిన్నర కాస్త దాటేసరికి చక్రం పూర్తయింది. ముగ్గురిలో ఎవరూ ముసలివాళ్లయిపోలేదు. నార్టన్ అడ్డంగా చేతులు కట్టుకుని ముందుకు తోసుకొచ్చే తీరు అలీ జాబ్‌కు చిక్కు తెచ్చిపెట్టింది, అదే తీరు ఫోర్‌మన్ అప్పర్‌కట్‌కు తలను అందించింది. అంటే బాక్సింగ్‌లో సామర్థ్యం ఒకే నిచ్చెన మీద పైకి కిందికి ఉండే మెట్టు కాదు, ఎవరికి ఎవరు ఎదురయ్యారన్నదాన్ని బట్టి దాని విలువ మారిపోతుంది.

ఎందుకు మారుతుందో తెలియాలంటే ఒక్క గుద్దును దగ్గర నుంచి చూడాలి. 2005లో డెట్రాయిట్ పరిశోధకులు ఒలింపిక్ స్థాయి బాక్సర్ల చేత, కారు ప్రమాదాల పరీక్షలకు వాడే బొమ్మ తల మీద గుద్దించి కొలతలు తీసుకున్నారు. సగటున పిడికిలి వేగం సెకనుకు 9 మీటర్ల పైన, తాకిడి బలం 3,427 న్యూటన్లు, అంటే దాదాపు 350 కిలోల బరువు ఒక్క క్షణం మీద పడినంత. ఆ గుద్దు వెనక పనిచేసిన ద్రవ్యరాశి మాత్రం సగటున 2.9 కిలోలే. మొత్తం శరీరం బరువులో ఎంత భాగాన్ని పిడికిలి వెనకకు తెచ్చుకోగలిగారన్నదే అసలు విద్య. 1980లలో సోవియట్ శాస్త్రవేత్తలు స్ట్రెయిట్ పంచ్‌ను విడదీసి చూస్తే, పండిన బాక్సర్ల గుద్దులో కాళ్ల వాటా సుమారు 38 శాతం ఉంది, కింది తరగతి వాళ్లలో 17 శాతం కూడా దాటలేదు. చేతితో కొట్టినట్టే కనిపిస్తుంది, నిజానికి పాదం నేలను తన్నిన తోపు నడుము మీదుగా భుజానికి ఎక్కి పిడికిలిలోంచి బయటపడుతుంది. ఇప్పుడు సమయం లెక్క వేయండి. అరవై సెంటీమీటర్ల దూరం, నిలకడ నుంచి మొదలై 9 మీటర్ల వేగం అందుకునే పిడికిలి, సెకనులో ఏడో ఎనిమిదో వంతులో ముఖానికి చేరుతుంది. కన్ను చూసి, మెదడు గ్రహించి, ఒళ్లు కదలడానికి మనిషికి సెకనులో ఐదో వంతు కావాలి. అంటే బయల్దేరిన గుద్దును చూసి తప్పించుకోవడం ఎవరివల్లా కాదు. తప్పించుకునేవాళ్లు గుద్దును చూడరు, గుద్దుకు ముందు వచ్చే సూచనలను చూస్తారు. వెనక మడమ ఎత్తడం, భుజం అర అంగుళం కిందికి జారడం, ఊపిరి బిగపట్టడం లాంటివి. ఈ సూచనలను చదవడం పుట్టుకతో రాదు, వేలాది రౌండ్ల స్పారింగ్‌లో ఆ కాలపు ప్రత్యర్థుల నుంచి నేర్చుకున్నదే.

నా వాదనకు ఇరుసు ఇదే. ఛాంపియన్ నైపుణ్యంలో పెద్ద భాగం తన కాలపు ప్రత్యర్థుల అలవాట్ల గురించి ఒంట్లో ఇంకిన జ్ఞానం. కాలం మార్చి నిలబెడితే కండలు వెంట వస్తాయి, ఆ జ్ఞానంలో కొంత భాగం పనికిరాకుండా పోతుంది. మేరీ ఎడమచేతి వాటం బాక్సర్. జనాభాలో ఎడమచేతివాళ్లు పది శాతం దాకా ఉంటారు, అందుకే కుడిచేతివాళ్లతో సాధన చేసి వచ్చినవాళ్లకు ఎదుట ఎడమ భుజం వెనక్కి పెట్టి నిలబడ్డ మనిషి కొరుకుడు పడదు. అయితే ఈ లాభం ఎడమచేతివాళ్లు అరుదుగా ఉన్నంతకాలమే. శిక్షణ శిబిరాల్లో అలాంటి జోడీని కావాలని తెచ్చి సాధన చేయించే రోజులు వచ్చాక ఆ లాభం పలచబడుతుంది. ఇక్కడ ఒక పక్షపాతం కూడా ఉంది. నిఖత్ మేరీ పోటీల వీడియోలు చూస్తూ పెరిగిన తరం. నిజామాబాద్‌లో సంసముద్దీన్ దగ్గర గ్లవ్స్ కట్టి, తర్వాత విశాఖ క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రంలో ఐ. వెంకటేశ్వరరావు చేతికింద రాటుదేలిన నిఖత్ 2011లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయ్యేనాటికే మేరీ ఐదు ప్రపంచ స్వర్ణాలు గెలిచి ఉంది. తర్వాతివారికి ముందువారి గురించి అంతా తెలుసు, ముందువారికి తర్వాతివారి గురించి ఏమీ తెలియదు. కాలయంత్రం పోటీల్లో కొత్త తరం గెలుస్తుందని చెప్పేవాళ్లు తెలియకుండానే ఈ చూసిరాత పరీక్ష ఫలితాన్ని ప్రతిభ ఖాతాలో రాస్తారు.

ఇక నిబంధనలు. మేరీ మొదటి ఐదు స్వర్ణాల కాలంలో పాయింట్లు మీట నొక్కి లెక్కించేవారు. ఐదుగురు జడ్జీల్లో కనీసం ముగ్గురు ఒక సెకను వ్యవధిలో మీట నొక్కితేనే ఆ గుద్దుకు పాయింటు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో రాయ్ జోన్స్ జూనియర్ 86 గుద్దులు తాకించి, 32 మాత్రమే తాకించిన కొరియా బాక్సర్ చేతిలో 3-2తో ఓడినట్టు ప్రకటించిన గోల తర్వాత వచ్చిన పద్ధతి ఇది. 1992 నుంచి 2012 దాకా ఒలింపిక్స్‌లో ఇదే నడిచింది. 2012 లండన్ సెమీస్‌లో మేరీ నికొలా ఆడమ్స్ చేతిలో 11-6తో ఓడిందంటే ఆ అంకెలు మీటల లెక్కే. ఈ పద్ధతిలో దూరం నుంచి శుభ్రంగా తాకి వెనక్కి జారుకునేవాళ్లకు లాభం. దగ్గరకు చొచ్చుకుపోయి పొట్ట మీద కొట్టిన గుద్దులు జడ్జీల కళ్లకు అడ్డుపడి లెక్కకు రాకుండా పోయేవి. 2013 నుంచి ప్రొఫెషనల్ బాక్సింగ్ తరహాలో రౌండు గెలిచినవారికి 10 మార్కులు ఇచ్చే పద్ధతి వచ్చింది. నిఖత్ సీనియర్ స్థాయి విజయాలన్నీ దీని కిందే. రౌండ్లు కూడా మారాయి. మహిళలకు రెండేసి నిమిషాల నాలుగు రౌండ్లు ఉండేవి, 2017 నుంచి మూడేసి నిమిషాల మూడు రౌండ్లయ్యాయి. మొత్తం 8 నిమిషాలు 9 అయింది, నడుమ విరామాలు మూడు నుంచి రెండుకు తగ్గాయి. బరువుల సంగతి అంతకంటే ముఖ్యం. మేరీ స్వర్ణాలు 45, 46, 48 కిలోలవి. లండన్ ఒలింపిక్స్‌లో మహిళలకు మూడే విభాగాలు పెట్టడంతో ఆమె 51 కిలోలకు ఎక్కాల్సి వచ్చింది. నిఖత్ ప్రపంచ టైటిళ్లు 52లో ఒకటి, 50లో ఒకటి. 46 నుంచి 51కి ఎక్కడం అంటే శరీర బరువులో పదకొండు శాతం అదనం. పిడికిలి వెనక పనిచేసేది 2.9 కిలోలే అన్నచోట ఇది చిన్న తేడా కాదు.

ఈ చిక్కులన్నీ కంప్యూటర్ తీర్చేస్తుందని నమ్మిన ప్రయత్నం 1967లో అమెరికాలో జరిగింది. ముర్రే వొరోనర్ అనే రేడియో నిర్మాత అన్ని కాలాల హెవీవెయిట్ ఛాంపియన్ల సమాచారాన్ని ఎన్‌సీఆర్ 315 యంత్రంలోకి ఎక్కించి టోర్నమెంట్ ఆడించాడు. రాకీ మార్సియానో గెలిచాడు. అలీ క్వార్టర్ ఫైనల్లో పాతకాలపు జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడినట్టు వచ్చింది. ఒళ్లు మండిన అలీ పది లక్షల డాలర్లకు పరువు నష్టం దావా వేశాడు. చివరికి రాజీ ఏమిటంటే, మార్సియానోతో కలిసి కెమెరా ముందు కొట్టుకోవాలి, ఫలితం కంప్యూటర్ తేలుస్తుంది. 1969లో మయామీలో షూటింగ్ జరిగింది. 49 పోటీల్లో ఓటమి ఎరగకుండా 1956లో రిటైరైన మార్సియానో దీని కోసం ఒళ్లు తగ్గించి, తలకు విగ్గు పెట్టుకుని వచ్చాడు. వేర్వేరు ముగింపులు తీసి పెట్టుకున్నారు. ఆగస్టు 31న విమాన ప్రమాదంలో మార్సియానో చనిపోయాడు, 1970 జనవరిలో విడుదలైన సినిమాలో అలీని 13వ రౌండులో నాకౌట్ చేశాడు. యూరప్‌లో చూపించిన కాపీలో అలీ గెలిచాడు. జనం దీన్ని మోసమని నవ్వుకున్నారు గానీ, నాకైతే రెండు ముగింపులు ఉండటమే ఆ సినిమాలో శాస్త్రానికి దగ్గరగా ఉన్న ఒకే ఒక్క అంశం. ఒక పోటీని వెయ్యిసార్లు ఆడిస్తే ఒక్కరే వెయ్యిసార్లు గెలవరు. ఒక్కో రౌండు గెలిచే అవకాశం వందకు 55 ఉన్న బాక్సర్ మూడు రౌండ్ల పోటీలో గెలిచే అవకాశం 57 మాత్రమే. అదే మనిషిని అలీ కాలం నాటి పదిహేను రౌండ్లు ఆడిస్తే 65కు పెరుగుతుంది. నాకౌట్లను పక్కనపెట్టి వేసిన లెక్క ఇది. బలాబలాలు మార్చకుండా రౌండ్ల సంఖ్య ఒక్కటి మారిస్తే అవకాశం ఎనిమిది పాళ్లు జరిగింది. అలీయా, మార్సియానోయా అని అరిచేవాళ్లలో ఎన్ని రౌండ్లు అని ముందు అడిగినవాడు ఎవడు?

చదరంగం వాళ్లు ఈ విషయంలో మనకంటే చాలా ముందున్నారు. అమెరికాలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా ఉన్న అర్పాద్ ఈలో తయారుచేసిన రేటింగు పద్ధతి 1970 నుంచి ప్రపంచమంతా వాడుకలో ఉంది. దాని సారం అవకాశమే: 200 పాయింట్ల తేడా ఉంటే పైవారికి వందకు 76 పాళ్లు రావాలి. కాటారం నుంచి పరకాల మీదుగా పోతే వచ్చే హనుమకొండ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబర్‌లో 2801కి చేరాడు. విశ్వనాథన్ ఆనంద్ అత్యధిక రేటింగు 2011 నాటి 2817. ఆ 16 పాయింట్లను సూత్రంలో పెడితే శిఖరాన ఉన్న ఆనంద్‌కు వందకు 52 పాళ్లు. కానీ ఈ లెక్క చెల్లదు. ఈలో రేటింగు ఒకే కాలంలో ఆడేవాళ్ల మధ్య దూరాన్ని కొలుస్తుంది, 2011 నాటి 2800కు, 2024 నాటి 2800కు ఒకే విలువ అని ఎవరూ హామీ ఇవ్వలేదు. అయినా చదరంగానికి ఇంకో దారి ఉంది, ఎత్తులన్నీ కాగితం మీద ఉన్నాయి. 2006లో స్లొవేనియాకు చెందిన మాతెయ్ గిద్, ఇవాన్ బ్రాట్కో ప్రపంచ ఛాంపియన్ల ఎత్తులను కంప్యూటర్ ఎంపికతో పోల్చి చూస్తే, ఎత్తుకు సగటు తప్పు తక్కువ చేసినవాడిగా 1920ల నాటి కాపబ్లాంకా పైకి వచ్చాడు. బాక్సింగ్‌లో సరైన ఎత్తు అంటూ ఒకటి లేదు, ఎదుటి మనిషి స్పందనే దాన్ని సరైనదిగానో తప్పుగానో మారుస్తుంది. వీడియో కూడా లేని కాలానికి వెళ్తే ఇంకేమీ మిగలదు. 1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గుండెల మీది గొలుసులు తెంచాడని, కారును కదలనివ్వలేదని తరతరాలుగా చెప్పుకుంటున్నాం, ఆయన్ను మల్లయోధుడు గామాతో పోటీ పెట్టి వాదించేవాళ్లూ ఉన్నారు. వినడానికి హుషారుగా ఉంటుంది, లెక్క వేయడానికి మాత్రం పట్టు దొరకదు.

ఇక్కడ మేరీ అభిమానులు ఒక గట్టి మాట అంటారు. ఊహలన్నీ వదిలేయండి, తన కాలంలో తానెంత ఎత్తున ఉందో అదొక్కటే చూడండి. ఆరు ప్రపంచ స్వర్ణాలు, ఎనిమిది పతకాలు, ఇంకెవరికున్నాయి? తన కాలంతో పోల్చి చూడటం న్యాయమైన పద్ధతే. దానికీ ఒక లోపం ఉందని జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్ బేస్‌బాల్ లెక్కలతో చూపించాడు. ఆట ముదిరేకొద్దీ అందరి స్థాయీ పెరిగి, అందరికంటే గొప్పవాడికీ సగటువాడికీ మధ్య దూరం తగ్గుతుంది. దూరం తగ్గడం గొప్పవాళ్లు లేరనడానికి కాదు, మిగతావాళ్లు దగ్గరకు వచ్చారనడానికి గుర్తు. మహిళల ప్రపంచ బాక్సింగ్ మొదలైందే 2001లో. మేరీ 2006, 2008, 2010 ఫైనల్స్‌లో ఓడించింది ఒక్కరినే, రొమేనియా బాక్సర్ స్టెలుటా డుటాను. లండన్ ఒలింపిక్స్‌లో మహిళా బాక్సర్లు మొత్తం 36 మంది. పారిస్‌లో 124 మంది, పురుషులతో సరిసమానం. ఆ పారిస్‌లోనే రెండుసార్ల ప్రపంచ ఛాంపియన్ నిఖత్‌కు సీడింగ్ కూడా లేక రెండో పోటీలోనే చైనాకు చెందిన వూ యూ ఎదురై 5-0తో ఓడించింది, ఆ తర్వాత స్వర్ణం ఎగరేసుకుపోయింది. మేరీ తొలినాళ్ల పోటీల్లో ఇంత త్వరగా ఇంత గట్టి ప్రత్యర్థి ఎదురయ్యే ప్రమాదం తక్కువ. ఈ మాటతో మేరీ ఘనతను కొట్టేయాలనుకునేవాళ్లకు మళ్లీ అడ్డంగా ఒక ఆధారం నిలుస్తుంది. 2018 ఢిల్లీలో, ముగ్గురు పిల్లల తల్లిగా, కొత్త మార్కుల పద్ధతిలో, కొత్త మూడు రౌండ్ల నిడివిలో, ఉక్రెయిన్‌కు చెందిన హన్నా ఒఖోతాపై 5-0తో మేరీ ఆరో స్వర్ణం గెలిచింది. పాత కాలపు నైపుణ్యం కొత్త కాలంలో చెల్లుబాటు అవుతుందా అన్నదానికి మనకున్న సూటి సాక్ష్యం అదొక్కటే.

గణాంక శాస్త్రంలో మేరీలా రెండు తరాలతో ఆడినవాళ్లకు ప్రత్యేకమైన విలువ ఉంది. 1999లో స్కాట్ బెర్రీ, షేన్ రీస్, పాట్రిక్ లార్కీ అనే ముగ్గురు పరిశోధకులు బేస్‌బాల్, గోల్ఫ్, ఐస్ హాకీ ఆటగాళ్లను కాలాలకు అతీతంగా పోల్చడానికి వాడింది ఈ సూత్రాన్నే. ఎవరూ రెండు కాలాల్లో జీవించకపోయినా, దీర్ఘకాలం ఆడినవాళ్లు ఒక తరంతో మొదలుపెట్టి ఇంకో తరంతో ముగిస్తారు, వాళ్లను వంతెనలుగా వాడుకుంటే రెండు ఒడ్లూ కలుస్తాయి. చిక్కల్లా ఆ వంతెన మీద నడుస్తున్న మనిషి ఈలోగా ముసలివాడవుతుంటాడు. అందుకే వయసుతో సామర్థ్యం ఎలా పెరిగి ఎలా తగ్గుతుందో వేలమంది లెక్కల నుంచి ముందుగా ఒక వంపు గీసుకోవాలి. చదరంగంలో, గోల్ఫ్‌లో ఆ సమాచారం దండిగా ఉంది. ఏడాదికి పది పన్నెండు పోటీలు ఆడితే గొప్ప అనే బాక్సింగ్‌లో అది చాలా పలచన. అందుకే మేరీ అనే వంతెన మీద నుంచి నిఖత్ ఒడ్డుకు చేరగలం గానీ, మోసుకెళ్లే అంచనాకు ఇరువైపులా వెడల్పాటి అనుమానపు గట్లు ఉంటాయి. 9-1 అనే అంకె ఎంత గట్టిగా కనిపించినా అది ఒక్క రోజు, తొమ్మిది నిమిషాల సంగతి.

ఇదంతా పనిలేని ముచ్చట, శాస్త్రానికి దీనితో ఏం పని అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు 2019 సంగతే జవాబు. ఆ ఏడాది అక్టోబర్‌లో నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి లేఖ రాసింది ట్రయల్స్ పెట్టమనే. పాత ఘనత చూసి పంపాలా, పోటీ పెట్టి పంపాలా అన్నదే అప్పటి తగాదా. పాత ఘనత చూసి పంపడమంటే గతంలోని ఒక బాక్సర్‌ను వర్తమానంలోని ఇంకో బాక్సర్‌తో ఊహలో కొట్టించి ఫలితం ప్రకటించడం తప్ప మరేమీ కాదు. 2023లో బాక్సింగ్ సమాఖ్య ట్రయల్స్ బదులు శిబిరంలో కొన్ని వారాలు గమనించి మార్కులు వేసే పద్ధతి తెచ్చింది, ఎంపిక కాని కొందరు ఢిల్లీ హైకోర్టు గడప తొక్కారు. రెండు పద్ధతులకూ శాస్త్రం వైపు నుంచి చెప్పగలిగింది ఒకటుంది. ఒక్క ట్రయల్ మూడు రౌండ్ల అదృష్టానికి లోబడుతుంది. దీర్ఘ పరిశీలన ఆ అదృష్టాన్ని తగ్గిస్తుంది, కానీ చూసేవారి అభిరుచిని కలుపుతుంది. ఎవరిని పంపాలన్న ప్రతి కమిటీ ముందూ ఈ ఊహాపోటీ ప్రశ్నే వేరే బట్టలు వేసుకుని కూర్చుని ఉంటుంది.

సరే, షరతులు ఖాయం చేద్దాం. 2010లో బ్రిడ్జ్‌టౌన్ స్వర్ణం నాటి మేరీకి 27 ఏళ్లు. 2023 ఢిల్లీ ఫైనల్ నాటి నిఖత్‌కు 26. వయసు గొడవ తీరింది. 50 కిలోలు, మూడేసి నిమిషాల మూడు రౌండ్లు, 10 మార్కుల పద్ధతి, ఒకరి గురించి ఒకరికి ఏమీ తెలియదు అనుకుంటే నేను నిఖత్‌కు వందకు 58 ఇస్తాను. కారణం 48 కిలోల మేరీ పైకి ఎక్కాల్సిన ఆ రెండు కిలోలు, ఆమెను ఆ నిడివికి తయారుచేసిన శిక్షణ. అదే ఇద్దరినీ 48 కిలోలకు దింపి, రెండేసి నిమిషాల నాలుగు రౌండ్లు పెట్టి, జడ్జీల చేతికి మీటలు ఇస్తే మేరీకి 65. నిఖత్ బరువు దింపుకుని రావడమే ఒక రౌండు ఓడినంత. నిఖత్‌కు మాత్రమే మేరీ వీడియోలు ఇచ్చి మొదటి షరతులనే ఉంచితే 58 కాస్తా 65 అవుతుంది, మేరీకి కూడా ఆరు నెలలు నిఖత్ వీడియోలు ఇచ్చి స్పారింగ్ జోడీలను సమకూరిస్తే తిరిగి సగానికి సగం దగ్గరకు వస్తుంది. ఈ అంకెలు నా అంచనాలే, ఇంకొకరు అటూ ఇటూ జరపవచ్చు. జరపడానికి ఆధారం కావాలంటే కాలయంత్రం అక్కర్లేదు. 2006, 2008, 2010 ఫైనల్స్ వీడియోలు తీసుకుని, పేర్లు, జెండాలు కనిపించకుండా చేసి, ఇప్పటి జడ్జీలు ఐదుగురి చేత 10 మార్కుల పద్ధతిలో మళ్లీ మార్కులు వేయించవచ్చు. నిఖత్ ఇస్తాంబుల్, ఢిల్లీ ఫైనల్స్‌కు అదే ఐదుగురి చేత మీటలు నొక్కించవచ్చు. మీటల లెక్కలో నిఖత్ ఆధిక్యం ఎంత తగ్గుతుందో, కొత్త మార్కుల్లో మేరీది ఎంత నిలుస్తుందో బయటపడుతుంది. అప్పుడు నా 58ని, 65ని దిద్దుకోవడానికి ఒక వారం పని చాలు.